అమ్మాయి మనశ్శాస్త్రము చదువునట!



ఈ మాసము నాకు వచ్చిన జాబులలో నొకటి కాజీపేట నుండి వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గాన విషయము మాత్రము చెప్పెదను. ఆమె కుమార్తె ఇంటర్మీడియెట్ ముగించి, బి.ఏ.లో మనశ్శాస్త్రము తీసికొందునని పట్టుపట్టినదట. మేనమామ "అది పిచ్చివాండ్ర చదువు" అనెనట. మేనత్త "అట్టి పిల్లను కోడలిగా తెచ్చుకొన్నచో మన కడుపులోని మాటలన్నియు కక్కించును" అని నవ్వెనట. తండ్రి మాత్రము ఒక్కటే ప్రశ్న వేసెను: "చదివి ఏమి చేయును?" తల్లికి నిద్ర లేదు. "తలకొక మాట చెప్పువారే గాని ఆ చదువులో నేమున్నదో చెప్పువారొక్కరును లేరు. మీరైనను చెప్పుడు" అని ఆమె జాబు ముగించినది.

నేనీ శాస్త్రమున పట్టము పొందినదానను కాను. కాని హనుమకొండలో మా యింటికి రెండిండ్ల కవతల నొక పిల్ల ఈ విషయముతోనే బి.ఏ. మూడవ సంవత్సరము చదువుచున్నది. నన్ను పెద్దమ్మా యని పిలుచును. ఆమె పాఠ్యపుస్తకములను, ప్రయోగముల రికార్డు పుస్తకమును ఎరువు తెచ్చుకొని, రెండు వారముల పాటు మధ్యాహ్నము వానితోనే కాలము గడపితిని. అర్థము కానిచోట ఆ పిల్లనే పిలిచి అడిగితిని. నేనిప్పుడు వ్రాయునది అట్లు తెలిసికొన్నదే.

మొదట మేనత్తగారి భయము తీర్చెదను. ఇతరుల మనస్సులోని మాట పసిగట్టు విద్య ఈ చదువులో నెచ్చటను లేదు. మొదటి సంవత్సరపు పుస్తకము తెఱచినచో కనబడునవి కన్ను, చెవి, నాడులు, మెదడు. పిదప అవధానము, స్మృతి, అభ్యసనము, ఉద్వేగము, ప్రజ్ఞ, మూర్తిమత్వము. ఆపైన శిశువు గర్భమున పడినది మొదలు వార్ధకము వఱకు మనుష్యుడెట్లు మాఱునో, ఒంటిగా నున్నప్పుడు చేయని పని నలుగురిలో నున్నప్పుడెందుకు చేయునో, మనోవ్యాధులెవ్వియో, వాని లక్షణములెవ్వియో చెప్పుదురు. వీనికి తోడు లెక్కలు. లెక్కలకు భయపడి బి.ఏ.లో చేరిన పిల్లలకు సగటు, మధ్యమము, ప్రామాణిక విచలనము అని ఎదురైనప్పుడు కన్నీరు వచ్చునట! ఆ మాట మా పిల్లయే చెప్పినది.

మనస్సును గుఱించిన విచారము మన దేశమునకు క్రొత్త కాదు. కాని దానిని గడియారముతోను కొలబద్దతోను పరీక్షింపవచ్చునని తలచి, 1879లో జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరమున విల్హెల్మ్ వుంట్ అను ఆచార్యుడు ప్రయోగశాల నెలకొల్పెను. అప్పటినుండి ఈ విద్య వేదాంతమునుండి వేఱు కాపురము పెట్టినదని పుస్తకములు చెప్పుచున్నవి. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున నరేంద్రనాథ సేన్‌గుప్తగారి ఆధ్వర్యమున దీనికి ప్రత్యేక శాఖ ఏర్పడినది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1967లో కోనేరు రామకృష్ణారావుగారు ఈ శాస్త్రమునకొక శాఖను స్థాపించిరి.

నాకు మిక్కిలి నచ్చినది రికార్డు పుస్తకము. వంటలు మనము పుస్తకమున వ్రాసికొన్నట్లు, వారు ప్రయోగములు వ్రాసికొందురు. పరీక్షించువారు ప్రయోక్త, పరీక్షకు లోబడువారు ప్రయోజ్యులు. మొదటి ప్రయోగము రెండు గీతలు. రెండును సమానమే. ఒకదాని కొనలకు బాణపు ములుకులు లోపలికి వంచి, రెండవదానికి వెలుపలికి తెఱచి గీయుదురు. చూచువానికి రెండవది పొడవుగా కనబడును. ముల్లర్-లయ్యర్ అను జర్మను పండితుడు 1889లో ప్రకటించిన చిత్రమిది. నేను కొలబద్ద పెట్టి కొలిచితిని. సమానమే. కొలబద్ద తీసి మరల చూచితిని. మరల రెండవదే పొడవు! పొరపాటని తెలిసిన పిదపను కన్ను దానిని విడువకుండుటయే ఆ ప్రయోగమున చూడవలసినది. "గీతల విషయమున ఇట్లున్నచో, మనుష్యులను చూచి మనము చేయు నిర్ణయముల మాట ఏమి పెద్దమ్మా?" అని ఆ పిల్ల అడిగినది. నా దగ్గఱ సమాధానము లేదు.

స్మృతిని పరీక్షించు ప్రయోగమునకు ప్రయోజ్యురాలు ఆమె నాయనమ్మ. డెబ్బది దాటిన మనిషి. "నా మతి పరీక్షించుటకు నీవెవతెవే?" అని మొదట కసరినదట. పది అంకెలు ఒక్కొక్కటిగా చదివి తిరిగి చెప్పుమనగా ఆఱింటితో ఆగిపోయినది. అవే అంకెలు రెండేసి జతపఱచి, మనము ఫోను నంబరు చెప్పుకొన్నట్లు చెప్పగా, పదియు తడుముకొనకుండ అప్పగించినది. సామాన్యుని మనస్సు ఒక్కసారికి ఏడింటిని, రెండు అటునిటుగా, పట్టుకొనగలదని జార్జి మిల్లరు అను అమెరికా పండితుడు 1956లో వ్రాసెను. విడి అంకెలు కూడి జతలైనప్పుడు ఒక్కొక్క జత ఒక్కటిగానే లెక్కకు వచ్చును. అందుచేత మోయుట తేలిక. మన అష్టావధానులు పృచ్ఛకుల నడుమ కూర్చుండి చేయునదంతయు ఇదేనని నేననను. కాని ఆ విద్యకు పెట్టిన పేరే ఈ శాస్త్రమున ఒక అధ్యాయమునకు పేరగుట చూచి ముచ్చటపడితిని.

ఇంకొక సంగతి తల్లులందఱు తెలిసికొనదగినది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను నతడు అర్థము లేని అక్షరముల జట్లు వందలకొలది కూర్చుకొని, తానే కంఠస్థము చేసి, తానే ఎప్పుడెంత మఱచెనో లెక్క వ్రాసికొని, 1885లో ప్రకటించెను. నేర్చిన గంటలోపలనే సగమునకు పైగా జాఱిపోయెను. పిదప జాఱుట నెమ్మదించెను. ఒక్క రాత్రి కూర్చుండి పదిమాఱులు వల్లించుట కంటె, దినములు విడిచి విడిచి కొన్నిమాఱులు చదివినది ఎక్కువ నిలుచును. ఈ సంగతి తేలి నూటనలువది యేండ్లు గడచినవి. మన హనుమకొండ హాస్టళ్లలో మాత్రము పిల్లలను తెల్లవాఱుజామున లేపి అర్ధరాత్రి దాక వల్లింపజేయుట మానలేదు.

చంటిపిల్లల తల్లుల కొక మాట. భోజనమువేళ సెల్‌ఫోను ఈయనిదే ముద్ద మ్రింగని బిడ్డలు ఇప్పుడు ప్రతి యింటను కలరు. "నేనెప్పుడును ఇయ్యను, మఱీ ఏడ్చినప్పుడే ఇత్తును" అని మనము సమాధానము చెప్పుకొందుము. ఎల్లప్పుడును ఫలించు అలవాటు కంటె అప్పుడప్పుడు మాత్రమే ఫలించు అలవాటు గట్టిగా పాతుకొనునని అభ్యసనమను అధ్యాయము చెప్పుచున్నది. నాలుగుమాఱులు కాదని ఐదవమాఱు ఇచ్చిన తల్లి, ఐదుమాఱులు ఏడ్వవలెనని బిడ్డకు నేర్పుచున్నదన్నమాట. నా మనుమని విషయమున నేను చేసినదిదే. చదువుచు సిగ్గుపడితిని.

ఈ శాస్త్రమున స్త్రీల పాలు కూడ చెప్పవలెను. మేరీ విటన్ కాల్కిన్సు అను నామె 1890వ దశకమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి, పరిశోధన ముగించి, 1895లో పరీక్షకులందఱి మెప్పు పొందినది. స్త్రీ యను కారణమున విశ్వవిద్యాలయము పట్టమీయలేదు. తరువాత స్త్రీల కళాశాల పేర పట్టమిత్తుమన్నప్పుడు ఆమె వలదన్నది. 1905లో అమెరికా మనశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షురాలైన మొదటి స్త్రీ యామెయే. జంటపదములతో స్మృతిని పరీక్షించు పద్ధతి ఆమె కనిపెట్టినది. మా పిల్ల రికార్డులో అదియు నొక ప్రయోగము.

లీటా హాలింగ్‌వర్తు కథ ఇంకను మనకు దగ్గఱిది. నెలలో ఆ కొన్ని దినములు స్త్రీ బుద్ధి మందగించునని, కావున బాధ్యతగల ఉద్యోగములకు తగదని ఆ కాలపు వైద్యులే వ్రాయుచుండిరి. ఆమె 23 మంది స్త్రీలను, సరిచూచుకొనుటకు ఇద్దఱు పురుషులను తీసికొని, దినదినము వారి చేతివేగమును, మనోవేగమును కొలిచి, అట్టి తగ్గుదల కానరాదని 1914లో తేల్చినది. అంతకు ముందు చెప్పినవారే పెక్కుమంది గాని కొలిచి చూచినవారు అరుదు. మన యిండ్లలో "ఆ మూడు దినములు పరీక్ష వ్రాసినచో మార్కులు రావు" అని ఆడపిల్లకు ముందే పిఱికిమందు పోయు పెద్దలు ఇంకను ఉన్నారు. నొప్పి నొప్పియే, దానికి మందు, విశ్రాంతి కావలెను. బుద్ధికి మైల పట్టదు.

అయితే శాస్త్రము పేర తల్లులకు కలిగిన కష్టమును కూడ దాచరాదు. జాన్ వాట్సను అను పేరుమోసిన పండితుడు 1928లో శిశుపోషణమును గుఱించి గ్రంథము వ్రాసి, బిడ్డలను ముద్దులాడవలదని, ఒడిలో కూర్చుండబెట్టుకొనవలదని, ఉదయమున కరచాలనము చేసిన చాలునని తల్లులకు బోధించెను! ఎందఱు తల్లులు చేతులు కట్టుకొని బిడ్డ యేడుపు వినిరో. మూడు దశాబ్దముల పిదప హారీ హార్లో అను నతడు తల్లినుండి వేఱుచేసిన కోతిపిల్లలకు రెండు బొమ్మతల్లులను చేసి పెట్టెను. ఒకటి పాలసీసా గల తీగెల బొమ్మ. ఒకటి పాలు లేని మెత్తని గుడ్డ బొమ్మ. పిల్లలు పాలు త్రాగునంతసేపు తీగెలబొమ్మ కడ నుండి, తక్కిన కాలమంతయు గుడ్డబొమ్మను కఱచుకొని యుండెను. మన ముసలమ్మలకు ఈ ప్రయోగము అక్కఱ లేదు. ఆ కోతిపిల్లలను తలచుకొన్న నాకు జాలియే కలిగినది. అట్లే ఆటిజమను స్థితి గల బిడ్డల తల్లులు మంచువలె చల్లనివారగుటయే కారణమని కొన్ని యేండ్లు వైద్యలోకము నిందించెను. ఆ మాట తప్పని తరువాత తేలినది. నిన్న శాస్త్రము చెప్పినది నేడెట్లు తప్పైనదో, దేనివలన తప్పని తెలిసినదో చెప్పుటయు ఈ పాఠములలోనిదే. నన్నడిగినచో ఉన్నవానిలో మేలైన పాఠమదియే.

ఇక కీడు మాట. మొదటి సంవత్సరమున మా పొరుగుపిల్లతో వేగుట కష్టమైనది. మూర్తిమత్వమను అధ్యాయము చదివిన వారమే నాయనమ్మను నార్సిసిస్టు అన్నది. శుభ్రము కోరు పిన్నికి ఓ.సి.డి. అంటగట్టినది. తండ్రి కోపమునకు బాల్యమున కారణము వెదకినది. ఇంటిలో ఎవరు నోరు తెఱచినను ఒక పేరు! ఆ నాయనమ్మ నా దగ్గఱికి వచ్చి, "ఆ మాటకు అర్థమేమమ్మా? తిట్టేనా?" అని అడిగి కన్నులు తుడుచుకొన్నది. అర్థము చెప్పుటకు నాకు నోరు రాలేదు. క్రొత్తగా సుత్తి దొరకిన బాలునకు ఇంటనున్నవన్నియు మేకులే. కళాశాలలో అధ్యాపకురాలొకతె, "లక్షణము చూచి పేరు పెట్టుటకు మీకింకను అర్హత లేదు, బంధువులపై ఈ మాటలు ప్రయోగింపకుడు" అని తరగతిలో మందలించినదట. పేరులు తగ్గినవి. నాయనమ్మ క్షమించినదో లేదో తెలియదు గాని, అంకెల ప్రయోగమునకు మాత్రము ఒప్పుకొన్నది.

రెండవ సంవత్సరమున జరిగిన సంగతి ఆ యింటివారి అనుమతితోనే వ్రాయుచున్నాను. ఆమె పినతండ్రి కొడుకు పదునేడేండ్లవాడు, ఊరిలోని యొక జూనియర్ కళాశాల హాస్టలులో చదువుచుండెను. సంక్రాంతికి వచ్చినవాడు తనకు ప్రాణమైన క్రికెట్టు బ్యాటును ప్రక్కింటి పిల్లవానికి ఇచ్చివేసెను. తల్లి "పెద్దవాడైనాడు, చదువుమీద మనసు నిలిచినది" అని సంతోషించినది. వాడు రాత్రులు నిద్రపోవుట లేదని, "నేను లేకున్న మీకు ఫీజుల బాధ తప్పును" అని నవ్వుచు అన్నాడని ఈ పిల్ల మాత్రము గమనించినది. మేడమీదికి పిలిచి, ప్రక్కన కూర్చుండి, "చచ్చిపోవలెనని అనిపించుచున్నదా తమ్ముడూ?" అని సూటిగా అడిగినది. వాడు చాలసేపు మాటలాడలేదు. పిదప అవునన్నాడు.

అట్లడిగినచో లేని తలంపు పుట్టించినట్లగునని మనము భయపడుదుము. అది నిజము కాదని, అడిగినవారికి చెప్పుకొనుటచే బరువు తగ్గునని పరిశోధనలు తేల్చినవి. ఆ పాఠము ఆమె విన్నది. వినని తక్కిన మేమందఱము అదే యింటిలో నుంటిమి, పాయసము వడ్డించుచుంటిమి. ఆ పిల్ల తాను వైద్యము చేయబోలేదు. ఉపదేశములు చెప్పలేదు. ఎవరికిని చెప్పవలదని వాడు ఒట్టు వేయుమన్నను వేయక, వానిని ఒంటిగా విడువక, ఆ రాత్రియే పెద్దలకు చెప్పినది. మఱునాడు మానసిక వైద్యుని కడకు తీసికొనిపోయిరి. వాడిప్పుడు ఇంటి నుండియే చదువుకొనుచున్నాడు, మార్కులు సామాన్యము. బ్యాటు మాత్రము తిరిగి తెచ్చుకొన్నాడు. 2019 ఏప్రిలులో ఇంటర్ ఫలితములు వచ్చిన వెనుక మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. ఆ దినములు మఱచిన తల్లి యుండదు. మీ యింట నిట్టి భయమున్నచో రాత్రింబవళ్లు పలుకు టెలి-మానస్ అను ప్రభుత్వపు సహాయము గలదు. 2022లో మొదలైనది. 14416 నంబరునకు ఫోను చేసినచో తెలుగున మాటలాడవచ్చును, రుసుము లేదు.

మేనమామగారు పిచ్చివాండ్ర చదువన్నారు గదా. మనలో ఎవనికైన కోపము వచ్చినచో "ఎర్రగడ్డకు పంపవలె" అని హాస్యమాడుట అలవాటు. ఆ కుఱ్ఱవానిని వైద్యుని కడకు తీసికొనిపోవుటకు ఇంటిలో వినబడిన మొదటి అభ్యంతరము ఆ మాటయే. ఒక పూట ఆలస్యమైనది కూడ దానివలననే.

ఇక తండ్రిగారి ప్రశ్న. నిజము చెప్పవలెనన్నచో, బి.ఏ. మనశ్శాస్త్రముతో ఎవరును వైద్యులు కారు. ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి. పిదప ప్రత్యేక శిక్షణము పొంది, 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసికొనవలెను. బి.ఏ. పట్టముతోనే "కౌన్సెలింగు" అని బోర్డు కట్టువారిని చూచినచో దూరముగా నుండుడు. ఉపాధ్యాయినులు కాగోరువారికి మాత్రము ఈ చదువు సూటిగా అక్కఱకు వచ్చును. టెట్ పరీక్షలో 150 మార్కులకు 30 శిశువికాసమునకే కలవు. తక్కిన ఉద్యోగములకు ఇతర పట్టముల కెంత విలువయో దీనికిని అంతే.

కాపురము చేసికొనుచు దూరవిద్య ద్వారా చదువవచ్చునా యని అడుగు సోదరీమణులు కలరు. 2025 జులై-ఆగస్టు ప్రవేశములనుండి మనశ్శాస్త్రమును దూరవిద్యగాను, ఆన్‌లైనుగాను బోధింపరాదని యు.జి.సి. ఆదేశించెను. ఆరోగ్యవృత్తులకు సంబంధించిన 2021 నాటి చట్టమున ఇదియు చేఱినందున, చేతితో చేసి నేర్వవలసిన విద్య యింటినుండి రాదని వారి యభిప్రాయము. కారణము కొట్టివేయదగినది కాదు. కాని ఇల్లు విడువలేని స్త్రీలకు తెఱచియున్న ద్వారమొకటి మూసికొన్నది. వారికి మాఱుగా ఏమి చూపుదురో చెప్పియున్న బాగుండెడిది.

కాజీపేట సోదరీ, మీ యమ్మాయి కాకతీయ విశ్వవిద్యాలయపు పరిధిలోనే చదువగోరినచో, దోస్త్ జాబితాలో ఏ కళాశాలయందు ఈ విషయము కలదో ముందు చూడుడు, అన్నిటను ఉండదు. పిమ్మట ఆ కళాశాలకు తల్లీకూతుండ్రు కలిసి పొండు. ఈ విషయము బోధించువారు అందే పట్టము పొందినవారా, ప్రయోగముల గది తాళము తీయుదురా, రికార్డు విద్యార్థినులే వ్రాయుదురా లేక నకలు తీసి అతికింతురా అని అడుగుడు. మూడవ ప్రశ్నకు కార్యాలయమున సమాధానము చెప్పరు. మెట్లమీద కూర్చున్న పిల్లలు చెప్పుదురు.

మొన్న ఆదివారము మా పొరుగుపిల్ల తన పుస్తకములు తీసికొనిపోవుటకు వచ్చి, ఊరక పోలేదు. బల్లమీద అద్దము నిలిపి, నా చేతిని అట్టతో మఱుగుపఱచి, అద్దములోని నీడను మాత్రమే చూచుచు నక్షత్రపు గీతవెంట పెన్సిలు నడపుమన్నది. నలువదేండ్లుగా ప్రతి ఉదయము ముగ్గు వేయుచున్న ఈ చేయి మొదటిమాఱు ఒక మూల తిరుగలేక పెనుగులాడినది. గడియారము చూచుచు ఆ పిల్ల తప్పులు లెక్కపెట్టినది: ఇరువదియొకటి. ఐదవమాఱునకు తొమ్మిది. రికార్డులో నా పేరు వ్రాయలేదు. "ప్రయోజ్యురాలు, గృహిణి, వయస్సు 61" అని మాత్రము వ్రాసికొన్నది. వచ్చే వారము ఎడమచేతితో చేయింతునన్నది.